పరిచారికాశిరోమణి ఫ్లారెన్సు నైటింగేలు

రోగపీడితులకుఁ జేయు పరిచర్య భగవంతుని కొనర్చు నారాధనమే యని మన పెద్దలందఱును నోట నొప్పుకొందురు. అయినను ఆ పరిచర్య నిజముగా రోగికి మేలు చేయుచున్నదా, కీడు చేయుచున్నదా యని తన్నుఁ దాను ప్రశ్నించుకొని, లెక్క వ్రాసి చూచుకొని, తప్పు కనఁబడినచో సిగ్గుపడక దిద్దుకొనినవారు లోకమున మిక్కిలి యరుదు. అట్టివారిలో నగ్రగణ్య యైన యొక సాధ్వీమణి చరిత్రమును మా సమాజ సోదరులకును, ఈ సీమలోని విద్యావంతులకును విన్నవింపఁ బూనితిమి.

ఫ్లారెన్సు నైటింగేలు పేరు విననివారు చదువుకొన్నవారిలో నుండరు. దీపము చేతఁ బట్టుకొని రాత్రివేళ గాయపడిన సైనికుల పడకల నడుమఁ దిరుగు దయామయిగా నామెను పాఠపుస్తకములు చూపుచున్నవి. ఆ చిత్రము నిజమే కాని చాలదు. దీపమును బట్టిన చేయియే కలమునుగూడఁ బట్టినది. రాత్రి చూచినదానిని పగలు లెక్కవేసినది. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకల ప్రాంతమువారమైన మన కిప్పుడు దీపముకంటె నా కలమే యెక్కువ యవసరమని మా నమ్మకము. కావున దానినిగూర్చియే యిందు విస్తరించి చెప్పెదము.

ఈమె 1820వ సంవత్సరము మే 12వ తేదీని ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున జన్మించెను. ఆ నగరము పేరే యామెకుఁ బెట్టిరి. తండ్రి విలియము ఎడ్వర్డు నైటింగేలు ఇంగ్లండులోని డెర్బీషైరు, హాంపుషైరు మండలములయందు భూవసతులు గల సంపన్నుఁడు. మాతామహుఁడు విలియము స్మిత్తు పార్లమెంటు సభ్యుఁడై బానిసల వర్తకమును రూపుమాపుటకును, మతస్వాతంత్ర్యమునకును పాటుపడిన యేకేశ్వరవాది. రాజా రామమోహనరాయలవారు 1833వ సంవత్సరమున బ్రిస్టలు నగరమునఁ గన్నుమూయునపుడు చెంతనుండి యాదరించినది యా యేకేశ్వరవాద శాఖవారే. ఈ విధముగాఁ జూచినచో నీమె పుట్టిన కుటుంబము మన సమాజమునకు దూరపు చుట్టమే యగును.

తండ్రి తన కూఁతుండ్రిద్దఱికిని గ్రీకు, లాటిను, చరిత్ర, తత్త్వశాస్త్రములను దానే చెప్పెను. చిన్నది గణితముగూడఁ గావలె నని పట్టుపట్టెను. పెండ్లి కావలసిన పిల్ల కీ లెక్క లేల యని తల్లి విసుగుకొనెను గాని పిల్ల వదలలేదు. తరువాతి కాలమున వేలకొలఁది ప్రాణములను గాపాడినది యా లెక్కలే యని చదువరులు ముందుముందుఁ జూడఁగలరు.

1837వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీని, పదునాఱేండ్ల ప్రాయమున, భగవంతుఁడు తన్ను సేవకుఁ బిలిచె నని యామె కనుభవమయ్యెను. ఆ పిలుపును బాటించుటకు మఱి పదునాఱేండ్లు పట్టినది. అడ్డుపడినది దారిద్ర్యము కాదు, సొంత యిల్లే. ఆ కాలమునఁ గలవారు రోగము వచ్చినను ఆసుపత్రికిఁ బోవువారు కారు. అవి దిక్కులేనివారి కొఱకుఁ గట్టినవి. అందుఁ బనిచేయు స్త్రీలు త్రాగుఁబోతు లనియు, నడత లేనివా రనియు లోకమున నపవాదము. 1845వ సంవత్సరమున సాలిస్‌బరీ ఆసుపత్రిలోఁ గొన్ని నెలలు పని నేర్చుకొనెద నని యామె యడుగఁగా నింటిల్లిపాదియు నుడికిపోయెను. మంచి యింటి సంబంధము వచ్చినది. వరుఁ డామె కిష్టుఁడే. అయినను ఆ వివాహము తన పనికి సంకెల యగు నని యెంచి నిరాకరించెను. ఎట్టకేలకు 1851వ సంవత్సరమున జర్మనీలోని కైజర్సువెర్తు ఆశ్రమమున మూఁడు నెలలు పని నేర్చుకొని, 1853వ సంవత్సరమున లండను నగరమం దొక చిన్న వైద్యశాలకు నధ్యక్షురాలయ్యెను. తండ్రి మనసు మార్చుకొని సంవత్సరమునకు 500 పౌనులు భృతి యేర్పఱచెను.

ఇది యంతయు సముద్రముల కావలి ముచ్చట యని మనము త్రోసివేయరాదు. నేఁటికిని మన యిండ్లలోఁ గూఁతురు వైద్యురా లయ్యెద ననినచో స్వీట్లు పంచెదము. నర్సు నయ్యెద ననినచో ముఖము చిట్లించెదము. మలమూత్రములు ముట్టవలసిన పని, ఏ కులమువానినైనను దాఁకవలసిన పని యని మన వెనుకఁదీఁత. ఆ పనిని మనము క్రైస్తవ మిషనులకును, వానినాశ్రయించి చదువుకొనిన పేదల బిడ్డలకును వదలివేసి, మనకు జబ్బు చేసినపుడు మాత్రము వారి చేతనే మందు త్రాగుచున్నాము. 1883వ సంవత్సరమున గుంటూరునకు వచ్చి 1930వ సంవత్సరమున మృతినొందువఱకు స్త్రీల వైద్యమునకై శ్రమించిన అన్నా కుగ్లరు దొరసాని ఋణమును మన కోస్తా జిల్లా లెట్లు తీర్చుకొనెనో మనమే చెప్పుకొనవలెను.

1854వ సంవత్సరమున క్రిమియా యుద్ధము సాగుచుండెను. గాయపడిన ఆంగ్ల సైనికులు టర్కీలోని స్కుటారి ఆసుపత్రులలో దిక్కులేక చచ్చుచున్నా రని పత్రికలు వ్రాసెను. యుద్ధశాఖా కార్యదర్శియు, నామె మిత్రుఁడునైన సిడ్నీ హెర్బర్టు కోరికపై నీమె 38 మంది పరిచారికలతోఁ బయలుదేఱి నవంబరు 4వ తేదీని స్కుటారి చేరెను. పెద్ద సైనికశాలనే యాసుపత్రిగా మార్చియుండిరి. మైళ్లకొలఁది సాగు వసారాలలో రోగులు నేలపైఁ బడియుండిరి. చొక్కాలు లేవు, గిన్నెలు లేవు, చీపురులు లేవు. ఆమె బట్టలుదుకు చోటు నేర్పఱచెను, పథ్యపు వంటశాలలు పెట్టించెను, తన చేతి సొమ్ముతోను, చందాలతోను సరకులు కొనెను. రేయింబవళ్లు నిలువుకాళ్ల జీతమువలెఁ బనిచేసెను.

ఇంత చేసినను చావులు తగ్గలేదు, సరికదా, పెరిగెను. 1855వ సంవత్సరము ఫిబ్రవరి నెలలోఁ జికిత్సకు వచ్చినవారిలో నూటికి 42 మందికిఁ బైగా మరణించిరి. మార్చి నెలలో నింగ్లండునుండి పారిశుద్ధ్య సంఘమువారు వచ్చి చూడఁగా, ఆ మహాసౌధము మురుగుతో నిండిన కాలువలపై నిలిచియున్న దని తేలెను. వారు కాలువలు కడిగించిరి, గోడలకు సున్నము వేయించిరి, నీరు వచ్చు త్రోవలోఁ గుళ్లుచున్న జంతుకళేబరములను దీయించిరి, గాలి వచ్చుటకుఁ గిటికీలు తెఱపించిరి. జూను నెల వచ్చునప్పటికి మరణములు నూటికి ఇంచుమించుగా రెండింటికి దిగెను.

1856వ సంవత్సరమున నామె స్వదేశమునకు మరలునప్పటికి దేశ మంతయు నామెను దేవతగాఁ గొలుచుచుండెను. సన్మానములఁ దప్పించుకొని యామె మాఱుపేరుతో నిల్లు చేరెను. ఇంకొకరైనచో నంతటితోఁ దృప్తినొంది యుందురు. ఈమె యట్లు చేయక, విలియము ఫారు అను గణాంకశాస్త్రజ్ఞుని తోడు తీసికొని, మరణముల పట్టికలను ముందు పెట్టుకొని కూర్చుండెను. ఆహారము చాలమిచేతను, చలిచేతను, మిక్కిలి యాలస్యముగాఁ దెచ్చుటచేతను సైనికులు చచ్చి రని యామె యంతవఱకు నమ్మియుండెను. అంకెలు వేఱొకమాట చెప్పెను. తూపాకిగుండ్లచేఁ జచ్చినవారికంటె జ్వరము, కలరా, అతిసారములచేఁ జచ్చినవారే పెక్కుమంది. తాను రేయింబవళ్లు శ్రమపడిన శీతకాలమందే చావులు పెరిగి, మురుగు పోయిన పిమ్మటనే తగ్గినవి. అనఁగాఁ దన చల్లని చేతి క్రిందనే, తన కన్నుల యెదుటనే, గాలియు నీరును జనులను జంపుచుండఁగాఁ దాను గుర్తింపలేకపోయె నన్నమాట.

మేము న్యాయవాదవృత్తియం దుండువారము. తన వ్యాజ్యమునకుఁ బ్రతికూలముగా నుండు దస్తావేజును దానే తెచ్చి న్యాయస్థానమున దాఖలు చేయు కక్షిదారుని మే మింతవఱకుఁ జూడలేదు. ఈమె యా పని చేసెను. తన కీర్తికి మూలమైన యాసుపత్రి యెట్టి మృత్యుగృహముగా నుండెనో తానే లెక్కలు గట్టి ప్రభుత్వము నెదుటఁ బెట్టెను. అంకెలు చదువలేని మంత్రులకు సయితము తెలియునట్లు, వృత్తమును నెలలవారీగా విభజించి, రంగులు వేసి, వ్యాధిచేఁ జచ్చినవా రెందఱో గాయములచేఁ జచ్చినవా రెందఱో కంటికిఁ గట్టినట్లు చిత్రించెను. శాంతికాలమందు సయితము సైనికశాలలోని యువకులు బయటి యువకులకంటె నించుమించుగా రెట్టింపుగాఁ జచ్చుచున్నా రని చూపెను. సైనికశాలలకు గాలియు, వెలుతురును, శుభ్రమైన నీరును వచ్చినవి. 1858వ సంవత్సరమున గణాంకశాస్త్ర సంఘమువా రామెను సభ్యురాలిగా నెన్నుకొనిరి. ఆ గౌరవము పొందిన మొదటి స్త్రీ యామెయే.

కృతజ్ఞులైన ప్రజలు పోగుచేసిన నిధితో 1860వ సంవత్సరమున లండనులోని సెయింటు తామసు ఆసుపత్రియందుఁ బరిచారికలకు విద్యాలయము తెఱవఁబడెను. అంతకు ముందుసంవత్సరమే యామె పరిచర్యనుగూర్చి యొక చిన్న పుస్తకమును వ్రాసి ప్రకటించెను. మందులకంటె ముందు గాలి, వెలుతురు, మంచినీరు, నిశ్శబ్దము, శుచిత్వము చూడవలె నని యందలి సారము. అంతకన్న ముఖ్యముగా, రోగి యెట్లున్నాఁ డని యడిగినప్పుడు బాగుగా నున్నాఁ డని చెప్పుట పరిచర్య కాదనియు, రాత్రి యెన్ని గంటలు నిద్రించెను, ఎంత తినెను, ఏది తినక విడిచెను అని చూచి చెప్పగలుగుటయే పరిచర్య యనియు నామె బోధించెను. ఆసుపత్రు లన్నియు నొకే తీరున లెక్కలు వ్రాసినఁగాని యొకదానితో నొకటి పోల్చి నేర్చుకొనుటకు వీలులే దని 1860వ సంవత్సరమున లండనులో సమావేశమైన యంతర్జాతీయ గణాంకసభకు నమూనా పత్రములను బంపెను.

ఆమె జీవితములో మాకు మిక్కిలి పూజ్యముగాఁ దోఁచు ఘట్టము మఱియొకటి కలదు. లోకులు దానిని దలఁపరు. గ్రామములలోఁ బురుడు పోయు మంత్రసానులకు విద్య నేర్పుటకై యామె నిధితోనే లండను కింగ్సు కాలేజి యాసుపత్రియం దొక ప్రసూతిశాలను బెట్టిరి. కొన్నియేండ్లు గడచునప్పటికి నందుఁ బ్రసవించిన తల్లులు సూతికాజ్వరముచేఁ జచ్చుచున్నా రని లెక్కలు చూపెను. తన పేర నడచు శాల యని యామె దానిని దాఁచలేదు. 1867వ సంవత్సరమున నది మూయఁబడెను. అటుపిమ్మట నామె యెచ్చటెచ్చటనో ప్రసూతుల లెక్కలు తెప్పించి, గొప్ప యాసుపత్రులలోఁ గాన్పు వచ్చినవారికంటెఁ దమ గుడిసెలలోఁ గాన్పు వచ్చిన పేదరాండ్రే యెక్కువగా బ్రతుకుచున్నా రని కనుఁగొని, 1871వ సంవత్సరమున నా సంగతి గ్రంథరూపమునఁ బ్రకటించెను.

కర్టు లెవిను అను విద్వాంసుఁడు 1946వ సంవత్సరమున నీ తీరు పరిశోధన కొక పేరు పెట్టెను. దానిని మనవారు క్రియాపరిశోధన మనుచున్నారు. పనిచేయువారే తమ పనిలోని లోపమొకటి యెన్నుకొని, యిది మార్చెద మని సంకల్పించి, మార్చి, ఫలము లెక్కించి, లెక్కనుబట్టి మరల సంకల్పించుట యే దాని క్రమము. నేఁడు నర్సుల కళాశాలలయందు దీనిని బోధించుచున్నారు. పేరు పుట్టకముందే ప్రసూతిశాల తలుపు మూసిన యా వనిత దానిని మనసార నాచరించెను.

ఇఁక మన దేశముతో నామెకుఁ గల సంబంధమును జెప్పవలసియున్నది. ఆమె హిందూదేశమున నడుగు పెట్టలేదు. 1857వ సంవత్సరమునుండి తీరని వ్యాధిచే మంచము పట్టి, గదిలోనుండియే లోకము నడిపించెను. హిందూదేశములోని సైన్యముల యారోగ్యమును విచారించుటకు 1859వ సంవత్సరమున నేర్పడిన రాజసంఘమునకు వెన్నెముక యామెయే. సైనికస్థానముల కన్నిఁటికిని బ్రశ్నపత్రములు పంపి, వచ్చిన సమాధానములను గుట్టలుగాఁ బేర్చుకొని చదివి, సారము తీసెను. 1863వ సంవత్సరమున నివేదిక వెలువడెను. ఆంగ్ల సైనికులలో సంవత్సరమునకు వెయ్యికి 69 మంది చచ్చుచుండఁగాఁ బదేండ్లకుఁ బిమ్మట వెయ్యికి 18కి దిగె నని యామె 1873వ సంవత్సరమున సంతోషముతో లెక్క చూపెను.

సైనికుని లెక్క చూచినకొలఁది యామెకు రైతు కనఁబడెను. ఊరు మురికిగా నున్నంతకాలము దండు శుభ్రముగా నుండ దని గ్రహించెను. అటుపై నామె శ్రద్ధ మన పల్లెలవైపునకుఁ దిరిగెను. మద్రాసు గవర్నరుగా వచ్చిన నేపియరు ప్రభువుతో నుత్తరప్రత్యుత్తరములు జరిపెను. మన గోదావరికి 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున నానకట్ట కట్టిన సర్ ఆర్థరు కాటనుదొరతో నామెకు మైత్రి యుండెను. కఱవును జంపునది నీరే యని యాయన చేయు వాదమున కామె తన లేఖిని నరువిచ్చెను. 1833వ సంవత్సరపుఁ గఱవున శ్మశానమైన యీ సీమ యన్నపూర్ణ యైన కథ యామె కెఱుకయే. అయినను నీరు పాఱించుటతో నిలువక, పాఱించిన నీటికి మురుగు త్రోవ చూపకున్నచో జ్వరము పంట యగు నని యామె పదేపదే హెచ్చరించెను. 1878వ సంవత్సరమున, దక్షిణదేశమును దహించిన గొప్ప కఱవు పిమ్మట, హిందూదేశ ప్రజల యిక్కట్టులను గూర్చి నిర్మొగమాటముగా నొక వ్యాసము వ్రాసి పాలకులకు నప్రియ యయ్యెను. 1892వ సంవత్సరమున దాదాభాయి నౌరోజీగారు పార్లమెంటునకుఁ బోటీ చేయఁగా నాయన పక్షము వహించెను. ముసలితనమున సయితము పల్లెలకు శుచిత్వమును బోధించు స్త్రీలను దయారు చేయవలె నని యుత్తరములు వ్రాయుచునే యుండెను.

ఆమె మతవిశ్వాసమును జెప్పకున్న నీ చరిత్రము మొండెము మాత్రమే యగును. 1860వ సంవత్సరమున నామె మూఁడు సంపుటముల తత్త్వగ్రంథమును మిత్రులకొఱకు మాత్రమే యచ్చు వేయించెను. ఈశ్వరుఁడు మార్పులేని ధర్మములచే జగమును నడుపుచున్నాఁ డనియు, ఆ ధర్మములను బరిశీలించి తెలిసికొని వానిననుసరించి నడచుకొనుటయే మనుష్యుని కర్తవ్య మనియు నామె మతము. కలరా పోవలె నని ప్రార్థించుచు మురుగును వాకిట నుంచుకొనుట దైవమును బరిహసించుట యని యామె తలఁచెను. విగ్రహమును, శాంతులను, పరిహారములను విడిచిన మన సమాజమువారికి నీ విశ్వాస మెంత యాప్తమో చెప్పనక్కఱలేదు.

మహాత్ముల లోపములను దాఁచుట చరిత్రకారునకుఁ దగదు. ఈమె విషయమున మఱియుఁ దగదు. సూక్ష్మజీవుల సిద్ధాంతమును దుర్వాసనల సిద్ధాంతమునకు మాఱుగా నంగీకరించుట కామె కాలహరణము చేసెను. నర్సులకుఁ బ్రభుత్వపు పట్టీ యుండవలె నని యితరులు కోరఁగా, మంచితనమును పరీక్షలు కొలువలే వని వాదించి యెదిరించెను. ఆ విషయమునఁ గాలము వారినే సమర్థించెను. తనతోఁ బనిచేయువారి నలసిపోవునట్లు పరుగెత్తించెను. ఇవి యన్నియు నిజము. అయినను అంకె తనకుఁ బ్రతికూలమైనప్పుడు తల వంచుట యామె యెఱిఁగిన విద్య.

1907వ సంవత్సరమున ఆర్డరు ఆఫ్ మెరిట్ బిరుదము నందిన మొదటి స్త్రీ యయ్యెను. 1910వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీని, 90 ఏండ్ల వయస్సున, నిద్రలో దేహము చాలించెను. రాజులు పండుకొను వెస్టుమినిస్టరు దేవాలయమునఁ బూడ్చెద మని ప్రభుత్వమువా రడుగఁగా బంధువులు వలదని, ఆమె కోరికమేరకు స్వగ్రామపుఁ జిన్న గుడి యావరణమున సమాధి చేసిరి.

ఇది యంతయు విని మనము చేయవలసిన దేమి? విజ్జేశ్వరముకడఁ బుట్టి నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీఁదుగా నేలూరు చేరు మన కాలువను జూడుఁడు. త్రాగునది యా నీరే, తోముకొనునది యా నీరే, చెత్త పాఱవేయునది యా నీటనే. తమ్మిలేరు, బుడమేరు తెచ్చు మురుగంతయుఁ జేరు కొల్లేటినడుమ లంకలవారు చుట్టును నీ రుండఁగాఁ ద్రాగునీటికి మొగము వాచియున్నారు. ఆ సరస్సునకు 1999వ సంవత్సరమున నభయారణ్య మని పేరు వచ్చెను. 2002వ సంవత్సరమున రామ్సారు జాబితాలోఁ జేరెను. 2006వ సంవత్సరమునఁ జేపల చెఱువుల గట్లను బెద్దయెత్తున ద్రవ్వించిరి. ఆ గట్లు వేయించినవారిలో మనబోటి భూస్వాము లెందఱో యున్నారు. 2020వ సంవత్సరము డిసెంబరు నెలలో నేలూరున వందలకొలఁది జనులు మూర్ఛలు వచ్చి కూలిరి. దేశపు పెద్ద సంస్థలనుండి నిపుణులు వచ్చి రక్తమును, నీటిని, పాలను, కూరగాయలను బరీక్షించిరి. రక్తమున సీసము, నికెలు కనఁబడిన వనియు, పురుగుమందుల యవశేషములు కారణము కావచ్చు ననియుఁ జెప్పిరి. ఆ వారమున నెవరికి మూర్ఛ యెప్పుడు వచ్చినది, ఎంతసేపున్నది, ఏ పేటనుండి వచ్చిరి అని పడకప్రక్కనుండి కనిపెట్టవలసినవారు నర్సులే గదా.

ఆ నర్సు వ్రాసిన కాగిత మేమగుచున్నది? ఇచ్చట మా తప్పునుగూడ నొప్పుకొనవలెను. వ్యాజ్యములలో నాసుపత్రి కాగితములు మా చేతికి వచ్చుచుండును. రాత్రి జరిగిన పొరపాటును దాఁచక వ్రాసిన యొక నర్సును, ఆ వ్రాఁతనే పట్టుకొని, బోనులో నిలువఁబెట్టి మేము గడగడ వడఁకించితిమి. వ్యాజ్యము గెలిచితిమి. ఆ దినమునుండి యా యాసుపత్రిలో నెవ్వరును బొరపాటు వ్రాయ లే దని తరువాత వింటిమి. తప్పు వ్రాసినవారికి శిక్షయు, వ్రాయనివారికి క్షేమమును గల చోట నేర్చుకొనుట యెట్లు? నైటింగేలు చరిత్రము చదివిననాఁడు మాకా గెలుపు సిగ్గయి తోఁచెను.

కావున నాసుపత్రుల యభివృద్ధి సంఘములలోఁ గూర్చుండు పెద్దలకు మా మనవి యిది. క్రొత్త భవనమునకు శిలాఫలకము వేయుటకుముందు, ఒక్క వార్డులో నొక్క ప్రశ్న వేయించుఁడు. మంచమున నొరసి పుండ్లు పడిన రోగు లీ నెల నెందఱు? సూది గ్రుచ్చినచోట వాచినవా రెందఱు? కాన్పు పిమ్మట జ్వరము వచ్చిన తల్లు లెందఱు? నర్సులే లెక్కింతురు గాక. వారే కూర్చుండి, ప్రక్క మార్చు వేళలో, చేతులు కడుగుకొను తీరులో, ఒక్కమార్పు నిర్ణయింతురు గాక. మఱునెల మరల లెక్కింతురు గాక. అంకె తగ్గినచో నా మార్పు నిలుపుఁడు. తగ్గనిచో వేఱొకటి చూడుఁడు. ఏది తేలినను వ్రాసినవారిమీఁద నీఁగ వాలనీయకుఁడు. దీనికిఁ గావలసినది యొక పుస్తకము, ఒక కలము, నిజము వినఁగల చెవులు. మీ కూఁతుండ్రలో నొకతె యీ వృత్తి కోరినచో నడ్డుపడకుఁడు. ఆ పిలు పెవరిదో మీకుఁ దెలియదు.

సత్యస్వరూపుఁడగు పరమేశ్వరుఁడు మన పుణ్యములను లెక్కించుకొను నలవాటు మాన్పి, మన పొరపాటులను లెక్కించుకొను ధైర్యమును మనకుఁ బ్రసాదించుఁ గాక.